ఏడాదికి కొద్ది రాత్రులే పైకొచ్చే కప్పను ఎండల్లో వెతికి ‘లేదు’ అని రాయకండి

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ నిపుణుల కమిటీల సభ్యులకు, రాష్ట్రాల పర్యావరణ ప్రభావ మదింపు అథారిటీలకు, ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నివేదికలు రాసే కన్సల్టెంట్లకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను తూర్పు కనుమల ఏజెన్సీలో ఇరవై ఆరేళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరైన హైస్కూలు మాస్టారిని. మీ బల్ల మీదకు వచ్చే ఒక్కో ఫైలు ఎన్ని వందల పేజీలుంటుందో నాకు తెలుసు. అందుకే సూటిగా విషయానికి వస్తాను.

రెండేళ్ల కిందట మా కొండ దగ్గర ఒక క్వారీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. షామియానా వేశారు, కుర్చీలు వేశారు, మజ్జిగ ప్యాకెట్లు పంచారు. నివేదిక మొత్తం ఇంగ్లిషులో ఉంది, తెలుగులో ఉన్నది దాని సారాంశం మాత్రమే. ఇంగ్లిషు ప్రతిని ముందే సంపాదించి జంతుజాలం పట్టిక తీసి చూశాను. ఉభయచరాల కింద రెండంటే రెండే పేర్లున్నాయి, బోదురు కప్ప, గోండ్రు కప్ప. సర్వే చేసింది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. క్వారీకి ఆనుకుని దిగే గెడ్డ, అంటే కొండవాగు, గురించి ఒకే వాక్యం రాశారు. అది వానాకాలంలో మాత్రమే పారే కాలువట, అందులో చెప్పుకోదగ్గ జలచరాలేవీ లేవట.

నా వంతు రాగానే మైకు తీసుకుని ఒకటే అడిగాను. ‘వానాకాలంలో వచ్చి చూశారా బాబూ?’ కన్సల్టెంటు తరఫున వచ్చిన కుర్రాడు మర్యాదగానే జవాబు చెప్పాడు. ‘లేదు మాస్టారూ, రూల్స్‌లోనే వానాకాలం వద్దని ఉందండి.’

ఆ మాట నమ్మలేక ఇంటికొచ్చి వెతికాను. కుర్రాడు అబద్ధం చెప్పలేదు. గనుల ప్రాజెక్టులకు మంత్రిత్వ శాఖ ఇచ్చే ప్రామాణిక టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్‌లో, అంటే నివేదిక కోసం ఏమేం అధ్యయనం చేయాలో చెప్పే పత్రంలో, ఆ సంగతి స్పష్టంగా ఉంది. వానాకాలం కాని ఏదో ఒక సీజనులో, అంటే మార్చి-మే, అక్టోబరు-డిసెంబరు, డిసెంబరు-ఫిబ్రవరిల్లో ఏదో ఒకదానిలో, ప్రాథమిక సమాచారం సేకరిస్తే చాలన్నారు. గాలి నాణ్యత, నీటి నాణ్యత, శబ్దం, నేలతో పాటు అదే వరుసలో చెట్లనూ జంతువులనూ చేర్చేశారు. గాలి విషయంలో ఆ నిబంధనను నేను తప్పు పట్టను. వానలకు దుమ్ము అణిగిపోతుంది, కాబట్టి పొడి రోజుల్లోనే దుమ్ము కొలవాలి. కానీ దుమ్ముకు పెట్టిన సీజనే కప్పకూ పెట్టారు. నా ఫిర్యాదంతా ఈ ఒక్క మాట మీదే.

ప్రజాభిప్రాయ సేకరణ రోజునే చేతిరాతతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. తర్వాత మరో రెండు లేఖలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. తుది నివేదికలోనూ అదే పట్టిక, అవే రెండు పేర్లు, గెడ్డ గురించి అదే వాక్యం. నాకు దారులు మూసుకుపోయాయి గనుక ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

పశ్చిమ కనుమల్లో ఒక కప్ప ఉంది. దాని గురించి చదివే కొద్దీ మన నివేదికల డొల్లతనం నాకు అర్థమవుతూ వచ్చింది. ముదురు ఊదా రంగు, గాలి కొట్టినట్టు ఉబ్బిన ఒళ్లు, ఆ ఒంటికి అతకనంత చిన్న తల, పంది ముట్టెలా ముందుకు పొడుచుకొచ్చిన తెల్లటి ముక్కు. నాసికాబట్రాకస్ సహ్యాద్రెన్సిస్ దాని శాస్త్రీయ నామం. ‘నాసిక’ మన మాటే, సహ్యాద్రి మన కొండలే. మలయాళీలు దాన్ని పాతాళ తవళ అంటారు, తవళ అంటే కప్ప. మహాబలి కప్ప అని కూడా అంటారు. పాతాళానికి తొక్కివేయబడి ఏడాదికోసారి పైకొచ్చి తన జనాన్ని చూసుకుపోయే బలిచక్రవర్తి పేరు పెట్టారంటే, ఆ కొండల్లో ఉండేవాళ్లు దాన్ని ఎంత బాగా గమనించారో చూడండి.

ఆ కప్ప బతుకంతా మట్టి లోపలే. నాలుగడుగులు మొదలుకొని పన్నెండడుగుల లోతు దాకా దిగి ఉంటుంది. చెదపురుగులను తిని బతుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తొలి వానలు పడినప్పుడు జత కట్టడానికి పైకి వస్తుంది. అలా పైన తిరిగేది ఏడాది మొత్తం మీద రెండు వారాలకు మించదు, అదీ రాత్రిళ్లే. మగ కప్ప పలచటి మట్టి పొర కిందనే దాక్కుని కూస్తుంది, కాబట్టి కూత వినిపించినా కూసేది కంటపడదు. వానకు పారే వాగుల్లో రాతి గుంటల దగ్గర, బండల నెరియల్లో ఆడది గుడ్లు పెడుతుంది. ఒక్కో విడతలో గుడ్లు వేలల్లో ఉంటాయి. ఆ పని అవగానే తల్లి మళ్లీ మట్టిలోకి దిగిపోతుంది.

తోకకప్పల బతుకు ఇంకా చిత్రంగా ఉంటుంది. నిలవ నీళ్లలో ఈదులాడే మామూలు తోకకప్పల్లాంటివి కావవి. జూన్ వరద వాగులో పరవళ్లు తొక్కుతుంటే జలగలా నోటితో బండను కరచుకుని నిలబడతాయి. సుమారు వంద రోజులు అలాగే గడిపి, కాళ్లు వచ్చాక తల్లిలాగే నేలలోకి దిగిపోతాయి.

ఒక జులైలో నేను కేరళలోని ఇడుక్కి జిల్లాకు వెళ్లాను. అక్కడి మిత్రుడొకాయన రోడ్డు పక్కన ఒక వాగు దగ్గర ఆపాడు. మండు వేసవిలో చూస్తే మనం దాన్ని వాగు అని కూడా అనం, ఏటవాలుగా పడుకున్న నల్లరాతి బండ, అంతే. ఆ రోజు మాత్రం దాని మీద అరచేయి మందాన నీళ్లు సర్రున జారుతున్నాయి. నల్లరాతి మీద నల్లటి మచ్చలు కనిపిస్తే నాచు అనుకున్నాను. మిత్రుడు నా వేలు పట్టుకుని ఒక మచ్చ మీద ఆనించాడు. అది కదిలింది. నీళ్లకు ఎదురు తలపెట్టి, తోక మాత్రం అల్లల్లాడిస్తూ, నోటిని రాతికి బిగించి ఉంది. మెల్లగా తీద్దామని చూశాను, ఊడి రాలేదు. నీళ్ల ఉరవడికి నా కాలి కింది చెప్పు కొట్టుకుపోయింది గానీ ఆ పిల్ల మాత్రం చోటు వదల్లేదు. చూపుడు వేలి కొనంత ప్రాణి అది.

పెద్ద కప్పను నేను ఇప్పటిదాకా చూడలేదు. మిత్రుడు అక్కడే పుట్టి పెరిగి కూడా రెండుసార్లే చూశాడు.

ఇక దాని చరిత్ర. ఈ తోకకప్పల గురించి నెల్సన్ అన్నాండేల్, సి.ఆర్. నారాయణరావు అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1918 నాటికే వర్ణించి రాశారు. తల్లికి శాస్త్రీయంగా పేరు పెట్టింది మాత్రం 2003లో. ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసూట్ ‘నేచర్’ పత్రికలో దాన్ని కొత్త కుటుంబంగా ప్రకటించారు. దానికి దగ్గరి చుట్టాలు మన దేశంలో లేవు. హిందూ మహాసముద్రంలో దాదాపు మూడు వేల కిలోమీటర్ల అవతల సెషెల్స్ దీవుల్లో ఉన్నాయి. మన భూభాగమూ ఆ దీవులూ ఒకే ఖండంలో కలిసి ఉన్న కాలం నాటి వంశమది. 2017లో దానికి ఒక తోబుట్టువు కూడా తేలింది. తమిళనాడులో శ్రీవిల్లిపుత్తూరు వైపు తూర్పు వాలులో ఉండే ఆ జాతికి సరీసృపాల శాస్త్రజ్ఞుడు భూపతి గారి జ్ఞాపకంగా పేరు పెట్టారు. కేరళ వైపు కప్ప నైరుతి వానల జాడ పట్టుకుని వస్తే, ఇది ఈశాన్య వానలకు వస్తుంది. ఒకే కొండకు అటూ ఇటూ ఉన్న అక్కచెల్లెళ్లకే వేర్వేరు సీజన్లు ఉంటే, దేశం మొత్తానికీ ‘వానాకాలం కాని ఒక సీజను’ అని గీత గీయడం ఏ లెక్కన సబబు?

ఇప్పుడు చెప్పండి. ఇడుక్కి కొండల్లో ఏదో ఒక వాగు పక్కన డిసెంబరులోనో ఫిబ్రవరిలోనో మీ సర్వే బృందం పది రోజులు తిరిగితే ఏం రాస్తుంది? ఎండిన బండ కనిపిస్తుంది, కూత వినిపించదు, తోకకప్ప ఉండదు, పెద్ద కప్ప వాళ్ల కాళ్ల కింద పన్నెండడుగుల లోతున ఉంటుంది. నిజాయితీపరుడైన సర్వేయరే అయినా ‘ఉభయచరాలు తక్కువ’ అనే రాస్తాడు. మే నెల సర్వేలకు లెక్కలోకి వస్తుంది కదా అని మీరు అనవచ్చు. వస్తుంది, నిజమే. కానీ పగలు పదింటికి జీపు దిగి సాయంత్రం అయిదింటికి ఎక్కే సర్వేకు, వాన పడిన రాత్రి మట్టి కింద కూసే కప్ప ఎలా దొరుకుతుంది? వంద రోజుల పాటు బండలకు అంటుకుని సులువుగా దొరికేవి తోకకప్పలే. అవి ఉండేది సరిగ్గా మీరు వద్దన్న నెలల్లోనే.

‘అది కేరళ సంగతి, మనకేంటి’ అనుకోకండి. మన వైపు కూడా పాతాళంలో ఉండే కప్పలు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలో ఉండి, తొలకరికి పైకొచ్చి, బుడగలా ఉబ్బి కూసే బెలూన్ కప్పలున్నాయి. చీమలు, చెదలు తిని బతికే ఈ కప్పలను మా పిల్లలు వానాకాలం చదువుల మొదటి వారంలోనే పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టేవారు. తూర్పు కనుమల ఎత్తు ప్రాంతాల్లో కాళ్లు లేని, చూడటానికి వానపాములా ఉండే సిసిలియన్ అనే ఉభయచరాన్ని కొత్త జాతిగా గుర్తించింది 2013లో. మన కొండల్లో ఇంకా ఏమున్నాయో చూడటం పూర్తి కాలేదని చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు.

కలివికోడిని ఒకసారి గుర్తు చేసుకోండి. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు గనుక అంతరించిపోయిందనే పుస్తకాలు రాశాయి. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే పక్షి. దొరికింది కూడా పిట్టలు పట్టే ఒక స్థానికుడి చేతికి, రాత్రి వేళ. ఎనభై ఆరేళ్లు ఆ పక్షి ఎక్కడికీ పోలేదు. వెతికే వేళే తప్పింది. ఆ తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చాల్సి వచ్చింది. తెలుగువాళ్లం ఈ పాఠం ఒకసారి నేర్చుకున్నాం. కప్పల దగ్గరికి వచ్చేసరికి మరచిపోయాం.

ఒక కప్ప పేరు పట్టికలో లేకపోతే మామూలు మనిషికి వచ్చే నష్టమేమిటని మా ఊళ్లోనే నన్ను అడిగారు. మా కళ్లముందు జరుగుతున్నవే చెబుతాను.

1. అన్నిటికంటే ముందు నీళ్లు. ‘జలచరాలు లేని కాలువ’ అని ఒక్కసారి రాస్తే ఆ గెడ్డకు చట్టం దృష్టిలో విలువ పోతుంది. తవ్వి తీసిన మట్టి, రాతి తుక్కు పోయడానికి అదే అనువైన పల్లం అవుతుంది. మా కొండ మీది గూడేలకు బోర్లు లేవు. పైన ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, పైపు వేసి, వాలు మీద నీళ్లు దించుకునే గ్రావిటీ పథకాలే దిక్కు. ఆ ఊటకు ఊపిరి వానాకాలపు గెడ్డే. క్వారీ మట్టి పడ్డాక మొదటి ఏడాది పైపులో బురద వచ్చింది. రెండో ఏడాది మార్చికల్లా ధార సన్నగిల్లింది. ఇప్పుడు ఆడపిల్లలు బడికి వెళ్లే ముందు రెండు బిందెల నీళ్లకు కిందికి దిగి ఎక్కుతున్నారు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన అమ్మాయి ఒకామె ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ‘మాస్టారూ, కప్పలు కూయడం మానేసిన ఏడాదే మాకు నీళ్లు తగ్గాయి’ అంది. ఆమె చెప్పింది శాస్త్రీయ నిరూపణ అని నేననను. కానీ కప్పలకూ మనుషులకూ నీళ్లు ఒకే ఊట నుంచి వస్తున్నాయన్నది ఆమెకు మీ నివేదిక కంటే బాగా తెలుసు.

2. జ్వరాలు. ఏజెన్సీలో మలేరియా అంటే ఏమిటో నేను మీకు వర్ణించనక్కర్లేదు. కోస్టారికా, పనామా దేశాల్లో ఒక రకం ఫంగస్ రోగం సోకి కప్పలు కుప్పకూలిపోయాయి. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ మలేరియా ఎలా పెరిగిందో పరిశోధకులు లెక్క కట్టి 2022లో ప్రచురించారు. ఉద్ధృతంగా ఉన్న ఏళ్లలో వెయ్యి మందికి ఏటా ఒకటి దాకా అదనపు కేసులు వచ్చాయని తేల్చారు. దోమలనూ దోమపిల్లలనూ తినేవి పోతే దోమలే మిగులుతాయి. మా దగ్గర అలాంటి లెక్క ఎవరూ తీయలేదు. తీయాలంటే ముందు ఎన్ని రకాల కప్పలు ఉన్నాయో రాసి పెట్టి ఉండాలి కదా. ఆ మొదటి కాగితమే మీ నివేదిక. దాన్నే ఖాళీగా వదిలేస్తున్నారు.

3. గిరిజనుల మాటకు విలువ లేకుండా పోతోంది. ఇడుక్కి కొండల్లో కొన్ని గిరిజన కుటుంబాలు ఈ పాతాళ కప్ప తోకకప్పలను కూర వండుకుంటాయి. ఆ అలవాటు జాతికి ముప్పు తెస్తోందని 2015లో ఒక పరిశోధన హెచ్చరించింది. ఆ హెచ్చరికను నేను కాదనను. అయితే ఏ వాగులో, ఏ బండ మీద, ఏ వారంలో ఆ పిల్లలు దొరుకుతాయో చెప్పగలిగింది కూడా ఆ కుటుంబాలే. పదేళ్లు చదివిన శాస్త్రజ్ఞుడికి దొరకనిది వాళ్లకు ఒక పూటలో దొరుకుతుంది. మీ సర్వే బృందాలు గూడెంలోకి వస్తే అడిగేది జనాభా, ఆదాయం, మరుగుదొడ్డి ఉందా లేదా అని. ‘ఈ గెడ్డలో ఏముంటాయమ్మా’ అని ఇంతవరకు మా గూడెంలో ఒక్కరూ అడగలేదు.

4. ప్రాజెక్టు పెట్టేవాడికీ నష్టమే. పని సగంలో ఉండగా అరుదైన జీవి బయటపడితే కోర్టులు, స్టేలు, దారి మళ్లింపులు తప్పవు. ఆ పని మీద ఆధారపడిన కూలీలు నెలల తరబడి ఖాళీగా కూర్చుంటారు.

ఒక కప్ప కోసం అభివృద్ధిని ఆపమంటున్నారా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. ఏ ప్రాజెక్టునూ ఆపమని ఈ లేఖలో నేను అడగడం లేదు. మా ఊరివాళ్లలో సగం మందికి క్వారీలోనే పని. ఏది ఉందో తెలుసుకుని, ఆ తర్వాత నిర్ణయం తీసుకోమంటున్నాను. దరఖాస్తు పెట్టిన నాటి నుంచి అనుమతి చేతికొచ్చేలోగా ఎటూ ఒక వానాకాలం వచ్చిపోతుంది. ఆ వానాకాలాన్ని వాడుకుంటే అదనంగా పట్టే సమయం పెద్దగా ఉండదు. అయ్యే ఖర్చు రెండు టార్చిలైట్లు, ఒక రికార్డరు, ఇద్దరు స్థానికుల కూలి, కొన్ని రాత్రుల నిద్ర.

ప్రపంచం మొత్తం మీద ఎనిమిది వేలకు పైగా ఉభయచర జాతులను మదింపు చేసి 2023లో ప్రచురించిన లెక్క ప్రకారం, వాటిలో దాదాపు 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి. పక్షుల కంటే, పాలిచ్చే జంతువుల కంటే ఇది చాలా ఎక్కువ. ఇంత ఆపదలో ఉన్న జీవులను అవి పైకి రాని నెలల్లోనే వెతకాలన్న నిబంధన ఇంకా కొనసాగడం నాకు మింగుడు పడటం లేదు.

కాబట్టి మా కోరికలు ఇవి. మా అంటే నావి, మా పూర్వ విద్యార్థులవి, కింద వేలిముద్రలూ సంతకాలూ చేసిన నాలుగు గూడేల వారివి.

1. కొండ, అటవీ ప్రాంతాల్లోని గనుల ప్రాజెక్టులకు జంతుజాలం, వృక్షజాలం సర్వేల విషయంలో ‘వానాకాలం కాని’ అన్న మాట తీసేయండి. ఆ చోట తొలకరి నుంచి వాగు వట్టిపోయే దాకా సర్వే తప్పనిసరి అని రాయండి. గాలికి, శబ్దానికి పాత సీజనే ఉంచుకోండి, మాకు అభ్యంతరం లేదు. నైరుతి వానలు పడే చోట నైరుతికి, ఈశాన్య వానలు పడే చోట ఈశాన్యానికి సర్వే జరగాలి. మిగతా కోరికలన్నీ ఒప్పుకుని ఇది ఒక్కటి వదిలేస్తే మాకు ప్రయోజనం ఉండదు.

2. ఉభయచరాల సర్వే రాత్రిపూట జరగాలి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎక్కడ, వాన పడిన ఎన్నో రోజున, ఎంతమంది వెతికారో పట్టికలో చూపాలి. కూతలు రికార్డు చేసి, ఆ రికార్డులను ఎవరు అడిగినా వినిపించాలి. బండల మీద, గుంటల్లో తోకకప్పలను విడిగా చూడాలి.

3. ‘లేవు’ అని రాయడం మానండి. ‘ఫలానా రోజుల్లో, ఇన్ని గంటలు వెతికితే కనిపించలేదు’ అని రాయండి. ఈ రెండు వాక్యాలకు మధ్య ఉన్న తేడా మీద ఒక గెడ్డ ప్రాణం ఆధారపడి ఉంటుంది.

4. వానకు మాత్రమే పారే గెడ్డలను, వాగులను పటంలో వాగులుగానే గుర్తించండి. ఒక పూర్తి వానాకాలం సర్వే అయ్యే దాకా వాటిలో మట్టి పోయడానికి, చెక్‌డ్యాము కట్టడానికి, మళ్లించడానికి అనుమతి ఇవ్వకండి. చెక్‌డ్యాము నీటి మంచికే కదా అనుకుంటారు. పారే నీళ్లలో బండను కరచుకుని బతికే పిల్లకు నిలవ నీళ్లు మృత్యువే.

5. స్థానికులను కూలికి దారి చూపేవాళ్లుగా కాకుండా తెలిసినవాళ్లుగా సర్వేలో చేర్చుకోండి. జీవవైవిధ్య చట్టం 2002 కింద ప్రతి పంచాయతీలోనూ యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మా పంచాయతీ రిజిస్టరులో ఈ విభాగంలో ‘కప్పలు’ అని ఒకే మాట ఉంది. సర్వేకు వచ్చినవారే గూడెం వాళ్లను కూర్చోబెట్టుకుని ఆ పేజీ నింపితే రెండు పనులు ఒకేసారి అవుతాయి. వాళ్ల అనుమతితో వాళ్ల పేర్లు కూడా నివేదికలో వేయండి.

6. గుర్తు పట్టలేని కప్ప ఎదురైతే పట్టికలో దగ్గరి పేరేదో రాసేయకండి. ఫొటో, కూత రికార్డు తీసుకుని భారత జంతు సర్వేక్షణ సంస్థకు పంపండి. దాని మంచినీటి జీవశాస్త్ర కేంద్రం హైదరాబాదులోనే ఉంది.

7. ప్రజాభిప్రాయ సేకరణకు ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇస్తున్నారు, మంచిదే. ఆ ముప్ఫై రోజులూ నివేదిక మొత్తం తెలుగులో మా చేతికి అందాలి. కనీసం జీవజాలం, నీటి వనరుల అధ్యాయాలైనా అందాలి. సభలో వచ్చిన ఒక్కో అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ‘గమనించడమైనది’ అన్న మాట జవాబు కిందికి రాదు.

కన్సల్టెంట్లకు విడిగా ఒక మాట. నిబంధన మారే దాకా మీ చేతులు కట్టేసి లేవు. ‘ఒక సీజను’ అనేది కనీస పరిమితి మాత్రమే. అంతకు మించి వానాకాలంలో కూడా చూడకూడదని ఏ నిబంధనా అనదు. మీలో జీవశాస్త్రం చదువుకుని ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. కప్ప ఏ రోజుల్లో గుడ్లు పెడుతుందో మీకు డిగ్రీ మొదటి ఏడాదిలోనే చెప్పారు. క్లయింటు తొందర పెడుతున్నాడని, ఆ సంగతి తెలిసి కూడా ఫిబ్రవరి పట్టిక కింద మీరు సంతకం పెడితే, ఆ సంతకం గెడ్డ దిగువన నీళ్లు ముంచుకునే వాళ్లందరి మీదా పడుతుంది. నాతో మర్యాదగా మాట్లాడిన ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతను వానాకాలంలో వస్తానంటే యాజమాన్యం పంపించే రోజు రావాలనే ఇదంతా.

నిపుణుల కమిటీ సభ్యులకు చెప్పేది ఒక్కటే. మీ ముందుకు వచ్చే తర్వాతి ఫైలులో ఉభయచరాల పట్టిక తెరవండి. రెండు మూడు పేర్లే ఉంటే సర్వే తేదీలు చూడండి. అవి వానలు లేని తేదీలైతే ఫైలును వెనక్కి పంపండి. అలా పంపే అధికారం మీకు ఇప్పటికే ఉంది, కొత్త చట్టమేదీ అక్కర్లేదు.

ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. వచ్చే తొలకరి లోపల ఇస్తే, ఈసారి సీజను దాటిపోదు. మీలో ఎవరైనా, ఏ కమిటీ నుంచి వచ్చినా, ఏ కంపెనీ నుంచి వచ్చినా, మొదటి పెద్ద వాన పడిన రాత్రి మా గెడ్డ దగ్గరకు తీసుకెళ్లడానికి నేను సిద్ధంగా ఉన్నాను. గెడ్డకు రెండు వైపులా ఎక్కడెక్కడ కూతలు వినిపిస్తాయో మా పిల్లలు పటం గీసి పెట్టారు. క్వారీ మట్టి పడిన చోటు నుంచి దిగువకు రెండు వందల అడుగుల మేర పటంలో ఏ గుర్తూ లేదు. అక్కడ నిలబడి ఒక గంట వినండి, తర్వాత ఎగువన నిలబడి ఒక గంట వినండి.

భవదీయుడు,
రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
తూర్పు కనుమల ఏజెన్సీ ప్రాంతం